మీ స్థలం మాస్టర్ ప్లాన్‌లో ఏ రంగులో ఉందో మీరే చూసుకోవడం ఎలా: విజయవాడ, గుంటూరు వాళ్ల కోసం

మా బాబాయి గుంటూరు ఊరి చివర రెండు వందల గజాల స్థలానికి అడ్వాన్సు ఇచ్చి వచ్చి, ఇదే మాస్టర్ ప్లాన్ మ్యాపు అంటూ ఒక జిరాక్సు కాగితం నా చేతిలో పెట్టాడు. బ్లాక్ అండ్ వైట్ జిరాక్సు. రంగులన్నీ బూడిద రంగైపోయాయి. ఇళ్లకు కేటాయించిన పసుపూ, పొలాలకు వదిలిన లేత ఆకుపచ్చా అందులో ఒకేలా ఉన్నాయి. స్థలం ఉన్న చోట ఎవరో పెన్నుతో సున్నా చుట్టారు. ఆ సున్నా లోపల నుంచి రెండు సన్నటి గీతలు పక్కపక్కనే పోతున్నాయి. పొలం గట్లేమో అనుకున్నాం. వారం తర్వాత ఆఫీసులో రంగుల మ్యాపు చూస్తే తెలిసింది, అవి మాస్టర్ ప్లాన్ రోడ్డు అంచులని. స్థలంలో సగానికి పైగా ఆ రోడ్డులోనే ఉంది. ఇచ్చిన అడ్వాన్సు వెనక్కి రాబట్టుకోవడానికి బాబాయి పద్నాలుగు నెలలు తిరిగాడు.

ఆ రంగుల మ్యాపు రహస్యమేమీ కాదు. గెజిట్‌లో నోటిఫై అయిన కాగితం, ఎవరైనా చూడొచ్చు. ఎక్కడ చూడాలో, చూసినప్పుడు ఏం గమనించాలో తెలియక ఊరుకుంటున్నాం. ఏజెంటు చూపించిన కాగితం మీద ఆధారపడకుండా మీ అంతట మీరే చూసుకునే దారి ఇది. ఒక ఫోను, వీలైతే ఒక కంప్యూటరు, రెండు మూడు సాయంత్రాలు చాలు.

ముందు ఒక్క విషయం: ఈసీ చూస్తే సరిపోదు

స్థలం గురించి మూడు ప్రశ్నలుంటాయి. ఇది ఎవరిది? ఇన్నాళ్లూ ఎవరెవరి చేతులు మారింది? ఇక్కడ ఏం కట్టొచ్చు? మొదటిదానికి జవాబు రెవెన్యూ శాఖ దగ్గర ఉంటుంది: అడంగల్, 1-బీ అనే భూమి రికార్డులు. రెండోది రిజిస్ట్రేషన్ శాఖ దగ్గర, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) రూపంలో. మూడోది టౌన్ ప్లానింగ్ వాళ్ల దగ్గర ఉంటుంది, అదే ల్యాండ్ యూజ్.

మనలో చాలామంది రెండో ప్రశ్నతో ఆగిపోతాం. "ఈసీ క్లియర్‌గా ఉందండీ" అంటే ఇంక టెన్షన్ లేదనుకుంటాం. కానీ ఈసీ నిప్పులా స్వచ్ఛంగా ఉన్న స్థలం కూడా గ్రీన్ జోన్‌లో ఉండొచ్చు, రోడ్డులో పోవచ్చు. ఈసీ ఆ సంగతి చెప్పదు, అది దాని పని కాదు. రిజిస్ట్రేషన్ అయిపోయాక ఇంటి ప్లాను పెట్టినప్పుడు మాత్రమే ఆ సంగతి బయటపడుతుంది. అప్పటికి డబ్బు చేతులు మారి ఉంటుంది.

మొదటి మెట్టు: సరైన నంబరు పట్టుకోండి

ఇక్కడే ఎక్కువ మంది తప్పు చేస్తారు కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

గుంటూరు వైపు పాత దస్తావేజుల్లో "డి.నెం." అని ఉంటుంది. అది డోరు నంబరు అనుకుంటారు. పొలం భూమి దస్తావేజులో డి.నెం. అంటే భూమి సర్వే నంబరు లాంటిదే, ఇంటి డోరుతో దానికి సంబంధం లేదు. కృష్ణా జిల్లా దస్తావేజుల్లో అదే పనికి "ఆర్.ఎస్.నెం." అని కనిపిస్తుంది, అంటే రీసర్వే నంబరు. విజయవాడ పాత ఊరి లోపల అయితే టౌన్ సర్వే నంబరు, దానితో పాటు వార్డు, బ్లాకు ఉంటాయి. గుంటూరు కార్పొరేషన్‌లో 2012లో కలిసిన గోరంట్ల, నల్లపాడు, అంకిరెడ్డిపాలెం లాంటి ఊళ్లు పేరుకు నగరమే కానీ, భూమి లెక్క ఇంకా ఆ ఊరి పేరు మీదే నడుస్తుంది. అక్కడి స్థలానికి "గుంటూరు" అని వెతికితే ఏమీ దొరకదు, ఆ గ్రామం పేరు పెట్టే వెతకాలి.

మరో చిక్కుంది. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్శిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. 1-బీలో కొత్త నంబరు ఉంటుంది, మాస్టర్ ప్లాన్ మ్యాపు మాత్రం పాత సర్వే నంబర్ల మీద గీసి ఉంటుంది. ఈ రెండింటికీ పొత్తు కుదరక మనిషి తికమకపడిపోతాడు. గ్రామ సచివాలయంలో సర్వేయరును అడిగి మీ ఎల్‌పీఎం నంబరు పాత ఏ సర్వే నంబరులోంచి వచ్చిందో రాయించుకోండి.

లేఅవుట్‌లో ప్లాటు కొంటుంటే ప్లాటు నంబరుతో పని జరగదు. ఆ లేఅవుట్ ఏయే సర్వే నంబర్లలో వేశారో, దాని ఎల్‌పీ నంబరు ఎంతో అడగండి. ఎల్‌పీ నంబరు అంటే లేఅవుట్‌కు ఇచ్చిన అనుమతి నంబరు. "అప్రూవల్ దారిలో ఉందండీ, వచ్చేస్తుంది" అన్నారంటే ఇంకా రాలేదనే అర్థం.

రెండో మెట్టు: స్థలం ఆకారం

మీభూమి సైటులో జిల్లా, మండలం, గ్రామం ఎంచుకుని గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ తీసుకోండి. గ్రామ పటంలో ఊరంతా సర్వే నంబర్ల వారీగా ముక్కలుగా కనిపిస్తుంది. ఎఫ్‌ఎంబీ ఒక్క సర్వే నంబరుకు గీసిన కొలతల బొమ్మ. పాత ఎఫ్‌ఎంబీల్లో కొలతలు లింకుల్లో ఉంటాయి. వంద లింకులు ఒక గొలుసు, గొలుసు అంటే 66 అడుగులు. 250 అని రాసి ఉంటే అది 250 అడుగులు కాదు, 165 అడుగులు.

ఎఫ్‌ఎంబీలో వాగు, డొంక, కాలువ గుర్తులు కూడా చూడండి. ఇప్పుడు నేల మీద డొంక కనిపించకపోవచ్చు, లేఅవుట్ వేసినవాళ్లు చదును చేసేసి ఉండొచ్చు. కాగితం మీద మాత్రం ఉంటుంది. ఆ డొంక ప్రభుత్వానిది.

మూడో మెట్టు: ఏ ఆఫీసు కిందికి వస్తుందో తేల్చుకోండి

ఇంటి ప్లాను అనుమతి ఇచ్చేది కార్పొరేషన్ కావచ్చు, మాస్టర్ ప్లాన్ తయారు చేసింది మాత్రం వేరే సంస్థ. మన ప్రాంతానికి 1978లో వీజీటీఎం ఉడా వచ్చింది, అంటే విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి పట్టణాభివృద్ధి సంస్థ. 2014 చివర్లో దాని స్థానంలో సీఆర్డీఏ, అంటే రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ వచ్చింది. 2020లో సీఆర్డీఏను తీసేసి ఏఎంఆర్డీఏ అన్నారు, 2021లో మళ్లీ సీఆర్డీఏ అయింది.

ఈ చరిత్ర ఎందుకంటే, మీకు దొరికే మ్యాపు మీద ఈ మూడు పేర్లలో ఏదైనా ఉండొచ్చు. వీజీటీఎం ఉడా ముద్ర ఉన్నంత మాత్రాన పాతదని పక్కన పడేయకండి. కొత్త ప్లాను నోటిఫై అయ్యేదాకా పాతదే నడుస్తుంది. అలాగే కొత్త పేరుతో ఉన్నంత మాత్రాన నమ్మేయకండి, అది ముసాయిదా కావచ్చు.

నాలుగో మెట్టు: మ్యాపు తెరిచి చదవడం

సీఆర్డీఏ సైటులో మాస్టర్ ప్లాన్లు, జోనల్ డెవలప్‌మెంట్ ప్లాన్లు (ఒక్కో ప్రాంతానికి విడిగా వేసినవి) ఉండే భాగానికి వెళ్లి మీ ప్రాంతానిది పీడీఎఫ్‌గా దింపుకోండి. ఫైలు పెద్దదిగా ఉంటుంది, ఫోనులో నిదానంగా తెరుచుకుంటుంది. వీలైతే కంప్యూటరులో చూడండి. సైటులో దొరక్కపోతే ఆఫీసులో ప్లానింగ్ విభాగానికి వెళ్లి మ్యాపు చూపించమని అడగండి. మొహమాటపడాల్సిన పని లేదు.

తెరవగానే మీ స్థలం కోసం వెతకొద్దు. ముందు మ్యాపు అంచులు చదవండి. అక్కడ నాలుగు సంగతులుంటాయి: ఏ సంవత్సరానిది, ముసాయిదానా ఆమోదం పొందిందా, జీవో నంబరు ఎంత, స్కేలు ఎంత. జీవో నంబరు, తేదీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తాయి.

ఆ తర్వాత రంగుల పట్టిక. మామూలుగా పసుపు అంటే నివాసం, నీలం అంటే వ్యాపారం, ఊదా అంటే పరిశ్రమలు, ఎరుపు అంటే బడులు, ఆసుపత్రులు, ప్రభుత్వ కార్యాలయాలు. ఆకుపచ్చలో ముదురుది పార్కులూ ఆటస్థలాలూ, లేతది వ్యవసాయం. కానీ ఇది కంఠస్థం చేసి మ్యాపు మీద పడొద్దు. ఒక్కో మ్యాపులో ఛాయలు మారతాయి. మీ మ్యాపు మూలన ఉన్న పట్టికే ప్రమాణం. అమరావతి రాజధాని నగరం లోపల అయితే జోన్లకు అక్షరాలు పెట్టారు: ఆర్ అంటే నివాసం, సీ అంటే వ్యాపారం, పీ అంటే పార్కులు, రక్షిత ప్రాంతాలు. అక్షరం పక్కన ఉన్న అంకెను కూడా చూడండి, ఆర్-1కూ ఆర్-3కీ నిబంధనలు వేరు.

రంగు పక్క రంగు ఉన్న చోట గీతలూ చూడండి. ఇప్పటికే ఉన్న రోడ్డు ఒక తీరులో, వేయబోయే రోడ్డు మరో తీరులో గీస్తారు. మా బాబాయి కాగితంలో గట్లు అనుకున్నవి ఇవే. ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను, దయచేసి గుర్తుంచుకోండి: ల్యాండ్ యూజ్ మ్యాపును బ్లాక్ అండ్ వైట్‌లో ఎవరు చూపించినా తీసుకోకండి. పది రూపాయలో ఇరవై రూపాయలో పెడితే కలర్ ప్రింటు వస్తుంది. అది చూపించడానికి ఇష్టపడని మనిషి దగ్గర స్థలం కొనకండి.

ఐదో మెట్టు: మ్యాపును నేల మీద పరచడం

పీడీఎఫ్‌లో సర్వే నంబర్లు చదవడానికి రాకపోతే, లేదా మీ స్థలం ఏ ముక్కలో ఉందో తేలకపోతే ఈ పద్ధతి పనికొస్తుంది. కంప్యూటరులో గూగుల్ ఎర్త్ ప్రో ఉచితంగా దొరుకుతుంది. ల్యాండ్ యూజ్ మ్యాపును బొమ్మగా మార్చి, అందులో ఇమేజ్ ఓవర్‌లేగా పెట్టండి. పారదర్శకత సగానికి పెడితే కింద ఉపగ్రహ చిత్రం, పైన రంగుల మ్యాపు రెండూ కనిపిస్తాయి. ఇప్పుడు రెండింట్లోనూ కచ్చితంగా ఉన్న గుర్తులు పట్టుకుని మ్యాపును జరపాలి, తిప్పాలి, సాగదీయాలి.

విజయవాడకైతే ప్రకాశం బ్యారేజీ రెండు కొసలు మంచి గుర్తులు. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువల మీద వంతెనలు కూడా వాడొచ్చు. కాలువలు యాభై ఏళ్లకు కూడా చోటు మారవు. గుంటూరులో రైల్వే లైన్లు చీలే చోట్లు తీసుకోండి. సినిమా హాళ్లు, సెంటర్లు గుర్తుగా పెట్టుకోవద్దు, రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా అవి మారతాయి. మూడు గుర్తులు మ్యాపుకు మూడు మూలల్లో ఉండేలా చూసుకోండి. అన్నీ ఒకే మూలన ఉంటే రెండో కొస వంద మీటర్లు పక్కకు పోయినా మీకు తెలియదు.

కంప్యూటరు బాగా వచ్చినవాళ్లకు క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఇంకా మంచిది. అందులో జియోరెఫరెన్సర్‌తో గుర్తులు పెడితే ఎంత తేడా వచ్చిందో అదే లెక్క చెబుతుంది. ఊళ్లో సివిల్ ఇంజినీరింగ్ చదివే పిల్లలుంటే అడగండి, గంటలో చేసి పెడతారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. మ్యాపు స్కేలు 1:10,000 అనుకుందాం. అంటే కాగితం మీద ఒక మిల్లీమీటరు నేల మీద పది మీటర్లు. జోన్ హద్దు గీత మందమే అర మిల్లీమీటరు ఉంటే, ఆ గీత నేల మీద ఐదు మీటర్లను కప్పేస్తుంది. మీ ప్లాటు వెడల్పు నలభై అడుగులు, అంటే పన్నెండు మీటర్లు. మ్యాపు పరిచినప్పుడు ఇంకో పది మీటర్లు అటూ ఇటూ జరిగితే ప్లాటు మొత్తం పసుపులోంచి ఆకుపచ్చలోకి వెళ్లిపోతుంది. అందుకని మీ స్థలం రంగు నడిమధ్యలో ఉంటే ఈ పద్ధతితో ధైర్యంగా ఉండొచ్చు. గీతకు దగ్గరగా ఉంటే మీ కంప్యూటరు చెప్పింది నమ్మొద్దు, తర్వాతి మెట్టు ఎక్కాల్సిందే.

ఆరో మెట్టు: సర్టిఫికెట్ తీసుకోవడం

దీన్ని ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ అంటారు. సర్వే నంబరు, గ్రామం, స్థలం హద్దుల స్కెచ్, దస్తావేజు నకలు పెట్టి ప్లానింగ్ సంస్థకు దరఖాస్తు చేస్తే, ఫలానా సర్వే నంబరు ఫలానా ప్లాను ప్రకారం ఫలానా జోన్‌లో ఉందని సంతకంతో ఇస్తారు. సర్వే నంబరు పెద్దదై అందులో మీది చిన్న ముక్క అయితే, మీ ముక్క ఎక్కడుందో ఎఫ్‌ఎంబీ మీద గుర్తుపెట్టి మరీ ఇవ్వండి. లేకపోతే "పాక్షికంగా నివాసం, పాక్షికంగా వ్యవసాయం" అని రాసి ఇస్తారు. అది చేతిలో ఉన్నా లేనట్టే.

సర్టిఫికెట్‌లో రోడ్డు సంగతి కూడా రాయమని అడగండి: మాస్టర్ ప్లాన్ రోడ్డు గానీ, రోడ్డు వెడల్పు గానీ ఈ సర్వే నంబరును తాకుతుందా, తాకితే ఎన్ని అడుగుల రోడ్డు. నగరం లోపల అయితే మీ వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీ ఉంటారు. రోడ్డు వైడెనింగ్ సంగతి చాలాసార్లు ఆయనకే ముందు తెలుస్తుంది. వెళ్లి కూర్చుని అడగండి.

బేరం కుదిరినా అడ్వాన్సు ఇచ్చేముందు అగ్రిమెంటులో ఒక వాక్యం రాయించుకోండి: ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్‌లో నివాస జోన్ అని రాకపోతే అడ్వాన్సు మొత్తం ఇన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలి అని. మా బాబాయి అగ్రిమెంటులో ఆ వాక్యం లేదు.

జోన్ మంచిదే, అయినా చూడాల్సినవి

మ్యాపులో పసుపు ఉన్నా కొన్ని సంగతులు ఆ మ్యాపు చెప్పదు.

ఒకటి, 22-ఏ జాబితా. రిజిస్ట్రేషన్ చట్టం కింద నిషేధిత ఆస్తుల జాబితా ఇది. అసైన్డ్ భూములు, ప్రభుత్వ భూములు, దేవాదాయ, వక్ఫ్ భూములు, సీలింగ్ భూములు ఇందులో ఉంటాయి. రిజిస్ట్రేషన్ శాఖ సైటులో గ్రామం, సర్వే నంబరు ఇచ్చి చూడొచ్చు. అపార్టుమెంటో, పెద్ద లేఅవుటో అయితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) సైటు చూడండి. 500 చదరపు మీటర్లు దాటిన స్థలం గానీ, 8 దాటిన ఫ్లాట్లు గానీ ఉన్న ప్రాజెక్టు అక్కడ రిజిస్టర్ కావాలి, ఆమోదం పొందిన ప్లాను కూడా అక్కడే ఉంటుంది. జాతీయ రహదారికి భూసేకరణ జరుగుతుంటే జాతీయ రహదారుల చట్టం కింద ఇచ్చే 3-ఏ నోటిఫికేషన్‌లో సర్వే నంబర్లు వస్తాయి, అది వచ్చిన 21 రోజుల్లో అభ్యంతరం చెప్పుకోవచ్చు. బైపాస్, ఔటర్ రింగ్ రోడ్డు అని వినిపించే ఊళ్లవాళ్లు ఇది వదలకండి.

రెండోది నీళ్లు. దీని మీద ఒక నిమిషం ఆగుతాను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం వైపు ఇళ్లను ముంచింది. రోజుల తరబడి మొదటి అంతస్తుల్లో, మేడల మీద జనం ఉన్నారు. మునిగిన వీధుల్లో ఎన్నో ఇళ్లు నివాసానికి కేటాయించిన చోటే ఉన్నాయి. ఏది దేనికి వాడాలో జోనింగ్ మ్యాపు చెబుతుంది, నీళ్లు ఎటు పోతాయో చెప్పదు. ఆ రెండోది మీరు వేరేగా చూసుకోవాలి. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 టోపోషీట్లు, అంటే నేల ఎత్తుపల్లాలు చూపే మ్యాపులు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తోంది. అందులో వాగులు, పల్లాలు, పాత చెరువులు కనిపిస్తాయి. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల చిత్రాలు వెనక్కి జరుపుతూ చూడండి, ఇప్పుడు లేఅవుట్ ఉన్న చోట ఇరవై ఏళ్ల కింద నీళ్లు నిలిచి ఉన్నాయేమో. గుంటూరులో పీకలవాగు దగ్గర గానీ, అమరావతి వైపు కొండవీటి వాగు దగ్గర గానీ చూస్తున్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

2017 బిల్డింగ్ రూల్స్ ప్రకారం పది మీటర్ల కంటే వెడల్పైన కాలువ, వాగు, నాలా హద్దు నుంచి 9 మీటర్ల లోపు కట్టకూడదు. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు వదలాలి. టేపు పట్టుకుని వెళ్లి కొలవండి. తర్వాత ఆ వీధిలో ముసలివాళ్లు ఎవరైనా ఉంటే, గోడ మీద నీళ్ల గుర్తు ఎంతవరకు వచ్చిందో చూపించమని అడగండి. ఏ మ్యాపూ చెప్పని సంగతి వాళ్లు ఒక్క వేలితో చూపిస్తారు.

మ్యాపు మారుతూ ఉంటుంది

మీరు దింపుకున్న మ్యాపు ముద్రించిన నాటిది. ఆ తర్వాత ఎవరో తమ భూమిని వ్యవసాయం నుంచి నివాసానికి, నివాసం నుంచి వ్యాపారానికి మార్చుకుని ఉండొచ్చు. దీన్ని ల్యాండ్ యూజ్ మార్పిడి అంటారు. ముందు ముసాయిదా నోటిఫికేషన్ ఇస్తారు, అభ్యంతరాలకు గడువిస్తారు, మామూలుగా 15 రోజులు. ఆ తర్వాత తుది ఉత్తర్వు గెజిట్‌లో వస్తుంది. మ్యాపును మళ్లీ ప్రింటు చేయరు. అందుకే ఇందాక రాసిపెట్టుకున్న జీవో నంబరుతో పాటు ఆ తేదీ తర్వాత మీ గ్రామం పేరుతో వచ్చిన జీవోలన్నీ చూడాలి. ప్రభుత్వ జీవోల సైటులో మున్సిపల్ శాఖ ఎంచుకుని గ్రామం పేరుతో వెతకండి. 2021 ఆగస్టులో ఆ సైటులో జీవోలు పెట్టడం ఆపేశారు, 2024లో మళ్లీ మొదలుపెట్టారు. ఆ మధ్య కాలం వాటికి ఈ-గెజిట్ సైటు కూడా చూడాలి.

అభ్యంతరం చెప్పే హక్కు పక్కింటివాళ్లకే కాదు, ఎవరికైనా ఉంటుంది. 2022 అక్టోబరు చివర్లో అమరావతిలో పేదల ఇళ్ల స్థలాల కోసం ఆర్-5 అని కొత్త జోన్ పెడుతూ ముసాయిదా ఇచ్చినప్పుడు రెండు వారాల గడువే ఇచ్చారు. ఆ రెండు వారాల్లో రైతులు పెద్ద ఎత్తున అభ్యంతరాలు రాశారు, వ్యవహారం కోర్టుల దాకా వెళ్లింది. ఎవరి పక్షం మీరు ఉన్నా ఒక్కటి చూడండి: గడువు లోపల రాసిన కాగితం రికార్డులో ఉంటుంది, గడువు దాటాక టీ కొట్టు దగ్గర పడ్డ బాధ ఉండదు.

అభ్యంతరం రాయడానికి లాయరు అక్కర్లేదు. నోటిఫికేషన్ నంబరు, సర్వే నంబరు, మీకూ ఆ స్థలానికీ ఉన్న దూరం, మీ అభ్యంతరానికి కారణం రాయండి. మీ వీధిలో డ్రైనేజీ పరిస్థితి, రోడ్డు వెడల్పు లాంటివి ఫోటోలతో పెట్టండి. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి.

మ్యాపు బొమ్మ కాదు, డేటా అడగండి

ఇంతసేపూ మనం చేసిన కష్టమంతా ఎందుకొచ్చిందో ఒకసారి చూడండి. ప్రభుత్వం దగ్గర ఆ మ్యాపు కంప్యూటరు ఫైలుగా ఉంది, ఒక్కో జోన్ ఒక్కో గడిగా, హద్దుల అక్షాంశ రేఖాంశాలతో సహా. అమృత్ పథకం కింద 2015 నుంచి విజయవాడ, గుంటూరు లాంటి పట్టణాలకు జీఐఎస్ (కంప్యూటరు మ్యాపుల) మాస్టర్ ప్లాన్ల తయారీకి కేంద్రం డబ్బులిచ్చింది. ఆ ఫైలునే బొమ్మగా మార్చి పీడీఎఫ్ చేసి మన ముందు పెడుతున్నారు, మనం దాన్ని మళ్లీ కాలువ వంతెనల మీద పెట్టి సాగదీస్తున్నాం. అసలు ఫైలే (షేప్‌ఫైల్, కేఎంఎల్ అనేవి అలాంటి ఫైలు రకాలు) ఇస్తే ఫోనులో మన స్థలం మీద వేలు పెట్టగానే జోన్ తెలిసిపోతుంది. కేంద్రం 2012లోనే డేటా పంచుకునే విధానం తెచ్చింది. సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ కూడా, జనం అడగకముందే సమాచారాన్ని ఇంటర్నెట్‌లో పెట్టమని చెబుతోంది.

కాబట్టి అడగాలి. సమాచార హక్కు దరఖాస్తు ఇలా రాయండి:

"ప్రజా సమాచార అధికారి గారికి. సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 6(1) కింద ఈ కింది సమాచారం ఇవ్వగలరు. 1. ఫలానా గ్రామానికి ప్రస్తుతం అమల్లో ఉన్న మాస్టర్ ప్లాన్ లేదా జోనల్ డెవలప్‌మెంట్ ప్లాన్ జీవో నంబరు, తేదీ. 2. ఆ ప్లాను ల్యాండ్ యూజ్ మ్యాపు షేప్‌ఫైల్ లేదా కేఎంఎల్ రూపంలో, సెక్షన్ 2(జె) ప్రకారం ఎలక్ట్రానిక్ పద్ధతిలో. 3. ఆ ప్లాను వచ్చిన నాటి నుంచి ఈ గ్రామంలో జరిగిన ల్యాండ్ యూజ్ మార్పుల జాబితా, సర్వే నంబర్లు, జీవో నంబర్లతో. 4. ఆ ప్లానులోని ప్రతిపాదిత రోడ్ల వెడల్పుల వివరాలు."

ఇంతే. ఎందుకు కావాలో రాయనక్కర్లేదు, అడిగే హక్కు వాళ్లకు లేదు. ఒక్కో దరఖాస్తు ఒక్క గ్రామానికి పరిమితం చేయండి. "నగరం మొత్తం అన్ని మ్యాపులు" అని రాస్తే పని భారం అని పక్కన పెడతారు. మన రాష్ట్రంలో ఫీజు గ్రామ స్థాయి ఆఫీసుకు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పై ఆఫీసులకు 10 రూపాయలు. నగదు కట్టి రసీదు తీసుకోండి. తెల్లకార్డు ఉన్నవాళ్లు కార్డు నకలు పెడితే ఫీజు లేదు. తప్పు ఆఫీసుకు ఇచ్చినా కంగారు వద్దు, ఐదు రోజుల్లో సరైన ఆఫీసుకు పంపాల్సిన బాధ్యత వాళ్లదే.

30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే, లేదా "మ్యాపు సైటులో ఉంది చూసుకోండి" అని పీడీఎఫ్ లింకు ఇచ్చి సరిపెడితే, 30 రోజుల్లోపు అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు వేయండి. నేను అడిగింది బొమ్మ కాదు, ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్న డేటా అని స్పష్టంగా రాయండి. అక్కడా కాకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. భద్రతా కారణాలని ఎవరైనా అంటే, గెజిట్‌లో ప్రచురించిన ప్లానుకు అది వర్తించదని గెజిట్ తేదీతో సహా రాయండి.

ఫైలు వచ్చాక క్యూజీఐఎస్‌లో తెరవండి. చోటు సరిగా పడకపోతే కోఆర్డినేట్ సిస్టమ్ (చోటు లెక్కించే పద్ధతి) యూటీఎం 44 ఉత్తర జోన్‌గా పెట్టి చూడండి, మన రెండు ఊళ్లూ దాని కిందికే వస్తాయి. ముందు మీకు బాగా తెలిసిన వీధి మీదికి వెళ్లండి, మీ ఇల్లో, మీ పిల్లల బడో. ఇరవై ఏళ్లుగా ఉన్న బడి మ్యాపులో ఇళ్ల రంగులో ఉంటే, లేదా ఉన్న పార్కు కనిపించకపోతే, సర్వే నంబరుతో సహా ప్లానింగ్ విభాగానికి ఉత్తరం రాయండి. ఫైలు పేరులో గ్రామం పేరు, మీకు అందిన తేదీ పెట్టి కాలనీ సంఘంలో అందరికీ పంపండి. ఆరు నెలలకోసారి కొత్త మార్పుల జాబితా కోసం మళ్లీ పది రూపాయలు కట్టండి.